గడప అవతలి చెయ్యి

దగ్గరికి జరగండమ్మా, ఇంకొంచెం దగ్గరికి. చేటలో బియ్యం ఉంటే ఉండనివ్వండి, చేతులు వాటి పని అవి చేసుకుంటాయి. చెవులు మాత్రం ఇటు ఇవ్వండి. ఈ వారం చెప్పవలసింది గొంతెత్తి చెబితే నోట రాదు.

కిందటి వారం టీకాల సాయన్న దగ్గర ఆగాం కదా! జహీరాబాదు వీధుల్లో అమ్మవారి టీకాలు వేస్తూ వచ్చిన సాయన్న, బెల్లం సావుకారు చెన్నబసప్ప ఇంటి ముందు తొమ్మిదేళ్ల కేతమ్మను ఆపి, ఎడమ చెయ్యి చాపమన్నాడు. పిల్ల చాపలేదు. భుజం మీద కప్పుకున్న తువ్వాలు కింద దాచుకుని గోడకు అతుక్కుపోయింది. సూదికి భయపడుతోందనుకుని సాయన్నే ఆ చెయ్యి పట్టి బయటికి లాగాడు. లాగి, మందుసీసా నేలమీద పడేసుకున్నాడు. బొటనవేలు ఉంది, చూపుడువేలు ఉంది. తక్కిన మూడూ లేవు. అవి ఉండవలసిన చోట చర్మం ముడుచుకుపోయి, కాలిన తోలులా మెరుస్తోంది.

చెరుకు గానుగ నమిలిన చెయ్యి అది. సాయన్న పిల్లను భుజాన వేసుకుని నేరుగా ఠాణాకు పోయాడు. చెన్నబసప్ప మీద కేసు అయింది. పిల్లను దవాఖానలో ఉంచారు.

కేతమ్మ ఆ ఇంటి బిడ్డ కాదు. బీదరు రోడ్డు చివర కరుణా సదనమని, నా అన్నవాళ్లు లేని పిల్లలను ఉంచే ఇల్లు ఒకటి ఉండేది. ఝరాసంగం జాతరలో ఎవరో వదిలేసిపోతే మూడేళ్లప్పుడు అక్కడికి చేరింది. ఆయా మణెమ్మ ఆరేళ్లు దాన్ని పక్కలో వేసుకుని పెంచింది. చైనాతో యుద్ధం ముగిసిన మరుసటి జనవరిలో సదనం సెక్రెటరీ ప్రకాశం, పిల్లను పెంపకానికని చెన్నబసప్పకు అప్పగించాడు. మణెమ్మ నెలకొకసారి పోయి పిల్లను చూసి రావాలని షరతు. అది కాగితం మీద ఉంది.

ఇప్పుడు సావుకారు చెప్పేది ఒకటే మాట. "ఆ చెయ్యి మా ఇంటికి వచ్చేనాటికే అట్లున్నది. మా ఇంట్ల అయితే, నెలనెలా వచ్చిపోయిన ఆయమ్మ ఒక్కనాడన్న చెప్పకపోవునా?" గానుగ దగ్గర పనిచేసే వాళ్లెవరూ నోరు విప్పలేదు. ఇక కోర్టులో మణెమ్మ సాక్ష్యంతో తేలకపోతే కేసు కొట్టేసినట్టే. కొట్టేస్తే పెంపకం కాగితం చెల్లినట్టే. కేతమ్మ మళ్లీ ఆ ఇంటికే, ఆ గానుగకే.

ఇదీ సంగతి. ఇక వినండి.

*

అక్టోబరు నెల, సీతాఫలాలు గంపలకొద్దీ దిగుతున్న రోజులు. కోర్టు వరండాలో గోడవారగా దవాఖాన ఆయా నారమ్మ కూర్చుని ఉంది, పక్కన కేతమ్మ. నారమ్మ పిల్ల చేతిలో ఒక పండు పెట్టింది. సీతాఫలం రెండు చేతుల పండు కదా. కేతమ్మ దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి, కుడి బొటనవేలితో నొక్కి, ఒడుపుగా రెండు చెక్కలు చేసింది. ఎడమ చెయ్యి తువ్వాలు కిందే ఉంది.

దూరం నుంచి చూస్తున్న మణెమ్మ కళ్లు తిప్పేసుకుంది. ఆ ఒడుపు ఒక్కరోజులో వచ్చేది కాదని తెలుసు. ఎన్ని నెలలుగా, ఎన్ని పనులు ఆ పిల్ల ఒంటి చేత్తో నేర్చుకుందో!

"మణెమ్మా, జర ఇటు రా."

ప్రకాశం. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు, ఎప్పుడూ చిరునవ్వు. సదనంలో పిల్లలు ఆయన చెప్పుల చప్పుడు వింటే వరస కట్టి నిలబడేవారు.

"భయపడకు. అడిగినదానికే జవాబు చెప్పు. 'నెలనెలా పోయిన, చూసిన, పిల్ల బాగుండె' అను. గంతే."

"మరి చెయ్యో, సారూ?"

"చెయ్యి సంగతి నీకెందుకు? డాక్టర్లున్నరు, వకీళ్లున్నరు. నువ్వు చూడలేదన్నవనుకో, పన్నెండు కాగితాల మీద దొంగ ఏలిముద్ర ఏసినట్టయితది. జైల్ల పడ్తవ్. యాభై ఏండ్ల దానివి, జైల్ల ఏం చేస్తవ్? సదనంల ముప్పై మంది పిల్లలకు రొట్టెలు ఎవరు చేస్తరు? నాకు నీ ఫికరే."

"పిల్లను మళ్ల ఆడికే పంపుతరా?"

"ఆడ అన్నం ఉన్నది, బట్ట ఉన్నది. గిప్పుడు ఆ చెయ్యి చూసి ఎవరు దీస్కపోతరు దాన్ని?"

ఆ మాట అని ఆయన గొడుగు ఊపుకుంటూ లోపలికి పోయాడు. నారమ్మ నోరు ఊరుకునేది కాదు.

"ఏందే మణెమ్మా, సారు గూడ బెల్లం పెట్టిండా కొంగుల?"

మణెమ్మ కొంగు బిగించుకుంది. బెల్లం సంగతి తానే నారమ్మకు ఏడుస్తూ చెప్పుకుంది.

అదేమిటో మీకూ తెలియాలి. కేతమ్మది పుట్టుకతోనే ఎడమచేతి వాటం. తినడం ఎడమచేత్తో, ముగ్గు వెయ్యడం ఎడమచేత్తో, రేగుచెట్టు మీదికి రాయి విసరడం ఎడమచేత్తో. ఆ రాయి గురి తప్పేది కాదు. "ఛీ, ఆ చెయ్యితోని తింటరా? ఎవరన్న చూస్తే సదనంల పెంచిన్రు, బుద్ధి నేర్పలేదంటరు" అని మణెమ్మ ఆరేళ్లు ఆ చేతి మీద కొట్టింది. గరిటెతో కొట్టింది, చీపురుపుల్లతో కొట్టింది. పిల్ల ఏడ్చేది, కన్నీళ్లు తుడుచుకునేది, అదీ ఎడమచేత్తోనే.

సావుకారు ఇంటికి పంపాక నెలకొక అంగడిరోజున మణెమ్మ చూడబోయేది. ఆ ఇంటికి నాలుగు మెట్లు. ఊరి చివరి వాడలో పుట్టిన మణెమ్మకు కింద ఉన్న బండ దాకానే దారి. బండమీద నిలబడి, "అమ్మా, సదనం నుంచి వచ్చిన" అని కేకేసేది. లోపలినుంచి సావుకారు భార్య పార్వతమ్మ, "ఏ కేతీ, బారే!" అని పిలిచేది. పిల్ల వచ్చి గడప అవతల నిలబడేది. నూనె పెట్టి దువ్విన తల, ఉతికిన లంగా, భుజం మీద తువ్వాలు.

"బాగున్నవా బిడ్డా?"

"బాగున్న అవ్వా."

అంతే. పార్వతమ్మ ఒక బెల్లంముద్ద తెచ్చి పిల్లకు ఇచ్చేది. పిల్ల గడప దగ్గర వంగి, కింద మణెమ్మ పరిచిన కొంగులోకి ఆ ముద్దను వదిలేది. మార్చి నెల అంగడినాడు మణెమ్మ కళ్లు మెరిసాయి. పిల్ల బెల్లం వదిలింది కుడిచేత్తో! ఆ తరువాతి నెలా కుడిచేత్తోనే. ఎంత పొంగిపోయిందని! తాను ఆరేళ్లు కొట్టినా రాని బుద్ధి, పెద్దింట్లో రెండు నెలల్లో వచ్చింది. సదనానికి పోయి ఆ బెల్లం ముప్పై ముక్కలు చేసి పంచింది. "కేతమ్మను చూసి నేర్చుకోన్రి. గిప్పుడు కుడిచేత్తోనే అన్ని చేస్తది" అని పిల్లలకు చెప్పింది. ఒక్కసారి కాదు, నెలనెలా చెప్పింది.

ఏ గానుగలో పిల్ల చెయ్యి నలిగిందో ఆ గానుగ బెల్లమే అది. తీయగా ఉందని తానూ ఒక పలుకు నోట్లో వేసుకుంది.

*

"మణెమ్మ హాజర్ హై?" అని జవాను మూడుసార్లు అరిచాడు.

మణెమ్మ బోనులోకి ఎక్కి కట్టె పట్టుకుంది. ఎదురుగా మేజిస్ట్రేటుగారు, కళ్లద్దాల మనిషి, మాట తక్కువ. ఆయన కింద పేష్కారు సంగయ్య, కాగితాల కట్టలతో. ఇటు బెంచీ మీద ప్రకాశం. అటు చెన్నబసప్ప, భుజాన పట్టు ఉత్తరీయం. వెనకగా ముసుగు వేసుకున్న పార్వతమ్మ.

సావుకారు తరఫు వకీలు జగన్‌మోహన్ లేచాడు. కాగితాల కట్టలో పైదాన్ని ఎత్తి చూపాడు.

"ఈ ఏలిముద్ర ఎవరిది?"

"నాదే సారూ."

"ఎవరన్న కొట్టి వేయించుకున్నరా?"

"లేదు."

"నెలనెలా సావుకారు ఇంటికి పోయినవా?"

"పోయిన."

"పిల్లను చూసినవా?"

"చూసిన."

"ఎట్లుండె?"

మణెమ్మ ప్రకాశం వైపు చూసింది. ఆయన చిరునవ్వుతో తల ఊపాడు. తరువాత కిటికీ వైపు చూసింది. అక్కడ, చువ్వల అవతల, కేతమ్మ నారమ్మ ఒళ్లో తల పెట్టుకుని ఉంది. సీతాఫలం గింజలు ఒక్కొక్కటే ఏరి కుడి అరచేతిలో పోగు చేసుకుంటోంది.

"బాగుండె అనుకున్న."

"అనుకున్నవా? చూసినవా?"

"గడప అవతల నిలబడితే ఎంత కనబడ్తదో అంత చూసిన. మొఖం చూసిన. కాళ్లు చూసిన. కుడి చెయ్యి చూసిన. ఎడమ చెయ్యి చూడలేదు దొరా. మార్చి నెల సంది ఒక్కనాడు గూడ చూడలేదు."

ప్రకాశం ముఖంలో చిరునవ్వు అట్లాగే ఉంది. కానీ కింద గొడుగు కర్ర నేలను ఒకసారి పొడిచింది.

జగన్‌మోహన్ వకీలు నవ్వాడు. "మెట్లెక్కి పోయి, దగ్గర కూసోబెట్టుకుని చూడొచ్చు గద? ఎవరు ఆపిన్రు? గడప దాటొద్దని ఇయ్యాల ఏ చట్టంల ఉన్నది?"

"చట్టం మీ బుక్కుల ఉన్నది సారూ. మెట్లు ఆళ్ల ఇంటికున్నయి."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మేజిస్ట్రేటుగారు కళ్లద్దాల పైనుంచి చూసేసరికి ఆగిపోయింది. మణెమ్మ మాత్రం ఆగలేదు. ఒకసారి నోరు తెరుచుకుంది, ఇక మూసే ఓపిక లేదు.

"తప్పు నాదే దొరా. పిల్ల కుడిచేత్తోని బెల్లం ఏసింది. పుట్టినసంది ఎడమచెయ్యే దానిది. ఎడమచెయ్యి యాడ పోయిందని నేను అడగాలె. అడగలే. బుద్ధి వచ్చిందని మురిసిన. కండ్ల ముందటనే ఉండె, నాకు కనబడలే. నన్ను ఏం జేస్తరో చేయిన్రి. జైలంటే పోత. గని సదనంల ఉన్నన్ని దినాలు ఆ చెయ్యి నిండు చెయ్యి. ఆ చెయ్యి మీద నేనే కొట్టిన. ఐదు వేళ్ల మీద కొట్టిన. నాకు తెల్వదా?"

చెన్నబసప్ప ఉత్తరీయం సర్దుకున్నాడు. జగన్‌మోహన్ వకీలు మాత్రం తొణకలేదు. చేతిలో కాగితం ఊపాడు.

"హుజూర్, ఈమె నోట ఇయ్యాల ఒక మాట. ఏలిముద్ర కింద, పిల్లకు ఆ ఇంట్ల ఏ దెబ్బ తగలలేదని, ఒక మాట. ఏది నమ్మాలె? ఏలిముద్ర ఏస్తే ఏసినట్టే."

మేజిస్ట్రేటుగారు మొదటిసారి మణెమ్మతో నేరుగా మాట్లాడారు. "ఈ కాగితాల్లో ఏం రాశారో నీకెప్పుడైనా ఎవరైనా చదివి వినిపించారా?"

"లేదు దొరా."

"సంగయ్యా, చదవండి. మొదటి నుంచి చివరి దాకా."

పేష్కారు సంగయ్యకు కాగితం చదివితే అర్థం చూసుకునే అలవాటు లేదు. ముప్పై ఏళ్లుగా అన్నిటికీ ఒకటే రాగం. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"ఫిబ్రవరి ఒకటి. పిల్లను తల మొదలు కాళ్ల వరకు పరీక్షించితిని. కాళ్లు చేతులు కుదురుగా ఉన్నవి. ఏలిముద్ర. మార్చి ఒకటి. పిల్లను తల మొదలు కాళ్ల వరకు పరీక్షించితిని. కాళ్లు చేతులు కుదురుగా ఉన్నవి. ఏలిముద్ర. ఏప్రిల్ ఒకటి..."

అదే రాగం. అదే మాట. 'కాళ్లు చేతులు కుదురుగా ఉన్నవి' అన్నప్పుడల్లా మణెమ్మకు ఎవరో చెంప మీద కొట్టినట్టు ఉంది. ఆమె అనని మాటలు. ఆమె వేలు కింద ఎవరో నాటిన మాటలు. ఆగస్టు అయింది, సెప్టెంబరు అయింది, అక్టోబరు అయింది. సంగయ్య ఆగలేదు.

"నవంబరు ఒకటి. పిల్లను తల మొదలు కాళ్ల వరకు పరీక్షించితిని. కాళ్లు చేతులు కుదురుగా ఉన్నవి. ఏలిముద్ర. డిసెంబరు ఒకటి. పిల్లను తల మొదలు..."

"ఆగండి" అన్నారు మేజిస్ట్రేటుగారు.

సంగయ్య ఆగాడు. ఎందుకు ఆపారో తెలియక కాగితం వంక చూశాడు, గోడమీద క్యాలెండరు వంక చూశాడు, మళ్లీ కాగితం వంక చూశాడు. చెమట తుడుచుకున్నాడు. వెనక బెంచీల నుంచి నవ్వు మొదలైంది. నవ్వు అనాలో ఇంకేమనాలో! కోహీరు నుంచి వేరే తగాదాకు వచ్చిన ముసలాయన ఒకడు, "అయ్యో, రాబోయే నెలల గూడ చెయ్యి మొలిచిందన్నట్టు!" అని పైకే అనేశాడు.

"మణెమ్మా, ఇంకా రాని నెలలో పిల్ల ఎట్లా ఉంటుందో నువ్వెట్లా చూశావు?"

అప్పుడు గుర్తొచ్చింది మణెమ్మకు. జనవరిలో, కేతమ్మను పంపిన నాడు. ప్రకాశం బల్లమీద కాగితాలు ఒకదాని పక్కన ఒకటి పరిచాడు. తెల్లకాగితాలు. పిల్ల వెళ్లిపోతోందని మణెమ్మ కళ్లనిండా నీళ్లు. ఆయనే ఆమె బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది, కాగితం తరువాత కాగితం మీద నొక్కుకుంటూ పోయాడు. "పెంపకం కాగితాలు" అన్నాడు. బూడిద పెట్టి తోమినా ఆ నలుపు రెండు రోజులు పోలేదు. వరండాలో ఇందాక ఆయనే అన్నాడు కదా, పన్నెండు కాగితాలని! తాను పోయింది తొమ్మిది నెలలే.

ఆ మాట అట్లాగే చెప్పింది. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క దాచలేదు.

ప్రకాశం లేచి నిలబడ్డాడు. నవ్వు పోయింది గాని గొంతు మెత్తగానే ఉంది. "సదనం గుమాస్తా చేసిన పొరపాటు ఉండొచ్చు, హుజూర్. సదనంల ముప్పై మంది పిల్లలున్నరు, ఒక్కరి ఎంట తిరుగుడు నాతోని అయితదా? ఆయాను నమ్మిన. నేను ఎన్నడు సావుకారు ఇంట్ల కాలు పెట్టలేదు. చెయ్యి సంగతి సాయన్న లొల్లి చేసినంక తెలిసింది. దేవుని మీద ప్రమాణం."

మేజిస్ట్రేటుగారు కాగితాల కట్ట పక్కకు పెట్టారు. తరువాత, "పిల్లను తీసుకురండి" అన్నారు.

*

బోను కట్టె కేతమ్మ తలకంటే ఎత్తు. జవాను ఒక ముక్కాలిపీట తెచ్చి వేస్తే ఎక్కి నిలబడింది. పెదవుల పక్కన సీతాఫలం గుజ్జు ఇంకా అంటుకుని ఉంది.

"నీ పేరేంటమ్మా?"

"కేతమ్మ."

"ఎడమ చెయ్యి చూపించు."

పిల్ల చూపించలేదు. తువ్వాలును ఇంకా దగ్గరికి లాక్కుంది. పక్కనే నిలబడి ఉన్న మణెమ్మ వైపు తిరిగి, నెలనెలా గడప అవతలి నుంచి అన్నట్టే అన్నది: "బాగున్న అవ్వా."

మణెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"భయం లేదు. ఎందుకు చూపించవు?"

"చెయ్యి చూపిస్తే అవ్వను జైల్ల ఏస్తరు."

"ఎవరన్నారు?"

వెనక పార్వతమ్మ ముసుగు ఇంకా కిందికి లాక్కుంది. చెన్నబసప్ప నేల చూస్తున్నాడు. మణెమ్మకు ఒక్కొక్క అంగడిరోజూ కళ్లముందు తిరిగింది. ఇన్ని నెలలు ఆ పిల్ల చెయ్యి దాచుకున్నది తనకోసమా? నొప్పి దాచి, చీము దాచి, కుడిచేత్తో బెల్లం వేసింది ఈ ముసలిదాన్ని కాపాడటానికా? తాను కింద నిలబడి మురిసిపోతుంటే, పైన ఆ పసిది తనను కాపలా కాసిందా?

"బిడ్డా, ఇటు చూడు" అంది. "నేను జైలుకు పోతే పోత. రొట్టెలు ఆడ గూడ చేస్త. నువ్వు తియ్యి. ఆ చెయ్యే తియ్యి. ఇగ ఆ చెయ్యిని ఎవ్వరూ ఏమనరు. నేను అనను."

కేతమ్మ కాసేపు అవ్వ ముఖం చూసింది. తరువాత తువ్వాలు మెల్లగా జారింది. రెండు వేళ్ల చెయ్యి బయటికి వచ్చింది. నవ్విన ముసలాయన తలపాగా తీసేశాడు.

పిల్ల ఆ చెయ్యి ఎత్తింది. రేగుచెట్టుకు గురి చూసినట్టే చూసి, మిగిలిన చూపుడువేలు చాచింది. అందరి తలలూ చెన్నబసప్ప వైపు తిరిగాయి. వేలు అటు పోలేదు. పార్వతమ్మ వైపూ పోలేదు. బెంచీ మీద, గొడుగు పట్టుకుని ఉన్న మనిషి దగ్గర ఆగింది.

"గా సారే అన్నడు. ఎండలు మొదలుకాంగనే వచ్చిండు. లోపటి అర్రల కుర్చీ ఏసిన్రు, పాలిచ్చిన్రు. పాలు నేనే దీస్కపోయిన. ఒక్క చెయ్యితోనే దీస్కపోయిన, సగం ఒలికినయి. సారు గుడ్డ తీసి నా చెయ్యి చూసిండు. ఇటు తిప్పి, అటు తిప్పి చూసిండు. అవ్వకు చెప్పకు అన్నడు. చెప్తే అవ్వనే జైల్ల ఏస్తరన్నడు."

ప్రకాశం గొడుగు నేలమీద పడింది. ఆయన దాన్ని తీసుకోవడానికి వంగినట్టే వంగి, తలుపు వైపు రెండడుగులు వేశాడు.

"జవాన్, తలుపు వెయ్యి" అన్నారు మేజిస్ట్రేటుగారు. తరువాత కలం మూత తీసి పేష్కారు వైపు చెయ్యి చాచారు. "సంగయ్యా, ముద్దాయి పేరు రాసిన కాగితం ఇటు ఇవ్వండి. అందులో ఇంకా చోటుందా?"

అమ్మా, చేటలో బియ్యం అయిపోయినా ఈ ముక్క పారబోయకండి. ఎవరైనా వచ్చి మీతో "ఫలానా ఇంట్లో పిల్ల బాగుంది, చూసొచ్చాను" అంటే, ఏ చెయ్యి చూసొచ్చావని ఒక్కమాట అడగండి. అడిగి, ఎందుకు అడిగారో వాళ్లకు చెప్పండి. కేతమ్మ పేరు పెట్టి చెప్పండి.